ముల్జిమ్‌కీ ముజ్రిమ్‌కీ ఫరఖ్ తెలియని షెడ్లు

బిల్లు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. కొత్త పిస్టన్లు నాలుగు. రింగుల సెట్టు. కొత్త క్రాంక్‌షాఫ్టు. క్లచ్ ప్లేటు. ఎర్ర పౌడర్ కోటింగ్ వేసిన వాల్వ్ కవర్. అడుగున షెడ్డు యజమాని 'పాతది ఒక్కటీ లేదు' అని రాసి సంతకం కూడా పెట్టాడు. చదివి ఖుష్ అయ్యాను. ఆ జాబితాలో ఎనిమిది కనెక్టింగ్ రాడ్ బోల్టులు లేవన్న సంగతి నా కంట పడలేదు. ఇతరుల రాతల్లో ఏం తప్పిపోయిందో వెతకడమే ఇరవై ఏళ్లుగా నా నౌకరీ!

బండి 2001 మారుతి ఎస్టీమ్. 1298 సీసీ, 16 వాల్వులు, ఫ్యాక్టరీ లెక్కలో 85 హార్స్‌పవర్. మా ఆపా కొడుక్కి దాన్ని రేస్ ట్రాక్ మీద తిప్పాలని షౌక్. క్యామ్ మార్పించి 7,500 ఆర్‌పీఎం దాకా లాగేలా ఇంజన్ కట్టించాం. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో నాలుగో రౌండు. మూడో నంబర్ రాడ్ ఊడి, బ్లాకు గోడ పగలగొట్టుకుని బయటికొచ్చింది. ఆయిల్ టైర్ల కింద పడింది. బండి రెండు చుట్లు తిరిగి మట్టిలో ఆగింది. పిల్లాడికి గీత కూడా పడలేదు, షుకర్ హై. ఆపాకి ఈ కిస్సా పూర్తిగా చెప్పలేదు. ఆమెకు తెలుగు చదవడం రాదు కాబట్టి ఇక్కడ ధైర్యంగా రాస్తున్నా.

ఇంజన్‌ని పాతబస్తీలో ఒక ఉస్తాద్ దగ్గర దింపించాను. ఆయన మిగిలిన మూడు రాడ్ల బోల్టులు తీసి, కడిగి, డబ్బాలోంచి ఒక కొత్త బోల్టు తెచ్చి పక్కన నిలబెట్టాడు. మైక్రోమీటర్ నా చేతికిచ్చి 'మీరే చూడండి సాబ్' అన్నాడు. ఒక్కోటి ఒక్కో పొడవు. ఫ్యాక్టరీలో బిగించిన బోల్టులవి. విప్పి, మళ్లీ అవే బిగించారు. పిస్టన్లు మాత్రం నిగనిగలాడుతున్నాయి, బిల్లులో ఉన్నట్టే.

రాడ్ బోల్టు అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం కొంచెం హిసాబ్. బిగించినప్పుడు అది స్ప్రింగులా కొద్దిగా సాగుతుంది. ఆ సాగుడే పట్టు. విప్పితే పాత పొడవుకి తిరిగి రావాలి. రాకపోతే దాని పని ఖతం. పనితనం ఉన్న షెడ్లు కొత్త బోల్టు పొడవు ముందే రాసిపెట్టుకుంటాయి. విప్పాక 0.025 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ పెరిగిందంటే పారేస్తాయి. ఇక దాని మీద పడే బరువు. 7,500 ఆర్‌పీఎం దగ్గర ఎస్టీమ్ పిస్టన్ పైకెళ్లి ఆగి వెనక్కి తిరిగే క్షణంలో, దాని సొంత బరువుకి సుమారు మూడు వేల రెట్ల జోరుతో రాడ్‌ని గుంజుతుంది. అన్నిటికన్నా ఘోరం ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర. అక్కడ పిస్టన్‌ని కిందికి నెట్టే మంట ఉండదు, గుంజుడంతా బోల్టుల మీదే. సెకనుకి 62 సార్లు. ఈ బరువు వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 6,000 నుంచి 7,500కి పోతే వేగం 25 శాతమే ఎక్కువ, గుంజుడు 56 శాతం ఎక్కువ. ఇది తెలిసిన మనిషి ఆ ఎనిమిదింటిని పాతవి వదిలి, వాల్వ్ కవర్‌కి రంగు వేయిస్తాడా? ఆ రంగు ఖర్చులో బోల్టులొచ్చేవి, ఇంకా చిల్లర మిగిలేది.

నా షికాయత్ ఆ ఒక్క షెడ్డు మీద కాదు, ఒక దస్తూర్ మీద. పెర్ఫార్మెన్స్ ఇంజన్ అనగానే గ్రాహక్ కంటికి కనిపించేదీ, దోస్తులకి చెప్పుకోడానికి పనికొచ్చేదీ కొత్తది పడుతుంది. ఫోటోలో రానిది పాతదే ఉండిపోతుంది. తప్పు మనదీ ఉంది. బానెట్ ఎత్తి ఎర్ర కవర్ చూపించుకున్నవాణ్ణి నేనే కదా.

ఈ దస్తూర్‌కి రెండో ముఖం నా పాత క్రాంక్. దాన్ని ఎందుకు మార్చారు? 'పాతది సాబ్' అన్నారు. జర్నల్స్ కొలిచారా? గుండ్రదనం చెడిందా, ఒక కొస సన్నబడిందా? పగుళ్ల కోసం మ్యాగ్నెటిక్ టెస్ట్ చేశారా? ఏ సవాలుకీ జవాబు లేదు. 'ఎప్పుడో స్క్రాప్‌కి వేసేశాం' అన్నది తప్ప.

ఉర్దూ మీడియంలో చదువుకున్నవాడికి ముల్జిమ్ వేరు, ముజ్రిమ్ వేరు. క్రైమ్ డెస్కులో చేరాక తెలుగులో నిందితుడు, దోషి అని రాయడం నేర్చుకున్నా. పాత పార్టు ముల్జిమ్ మాత్రమే. దాని మీద ఇల్జామ్ ఉంది, సబూత్ లేదు. కొలిచాకే ఫైసలా. మరీ ముఖ్యంగా క్రాంక్ విషయంలో. పాతది బాగుంటే పాలిష్ చేసి అదే వేసుకోవడం, కొత్తదని పేరు పెట్టి ఊరూపేరూ లేని సరుకు వేయడం కన్నా లక్ష రెట్లు నయం. అరిగితే 0.25 మిల్లీమీటర్లు గ్రైండ్ చేయించి అండర్‌సైజ్ బేరింగులు వేయొచ్చు. గ్రైండ్ చేసేవాడు జర్నల్ మూలలో గుండ్రటి వంపు వదలాలి, అంతే. ఆ మూలని పదునుగా కోసేశాడా, పగులు అక్కణ్ణుంచే మొదలవుతుంది.

కొత్తదే మేలనే వాళ్లకి ఒక పాత సంగతి. 1983లో నెల్సన్ పికే ఫార్ములా వన్ చాంపియన్ అయిన బ్రాబమ్ కారులో బీఎండబ్ల్యూ వారి ఒకటిన్నర లీటర్ల టర్బో ఇంజన్ ఉండేది. దాని బ్లాకు మామూలు రోడ్డు కారు బ్లాకే. ఆ ఇంజనీర్లు చాలా దూరం తిరిగి, వేడికీ చల్లదనానికీ అలవాటుపడిన పాత బ్లాకుల కోసం వెతికారు. పోత పోసినప్పుడు ఇనుములో మిగిలిన బిగువు వాటిలో సడలిపోయి ఉంటుందని.

ఇక మా వాళ్ల మీదా రెండు మాటలు, లేకపోతే బేయిన్సాఫీ. మా గల్లీ ఉస్తాదుల చేతిలో ఉన్న తజుర్బా మీద నాకు గౌరవం. కానీ 'బాల్ బరాబర్ ఫరఖ్ హై, చలేగా' అన్న మాట విన్నప్పుడల్లా గుండె జారుతుంది. మియా, మనిషి వెంట్రుక మందం 0.07 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. సిలిండర్ హెడ్ వంపుకి సుజుకీ ఇచ్చిన హద్దు 0.05. బాల్ బరాబర్ అంటే ఫెయిల్! స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్ పెట్టడానికి పది నిమిషాలు పట్టదు. వాల్వ్ స్ప్రింగుల్ని బొటనవేలితో నొక్కి 'దమ్ ఉంది' అనేవాళ్లనీ చూశాను. స్ప్రింగ్ టెస్టర్ మీద ఎత్తూ బలమూ చూడకుండా పాత స్ప్రింగుల్ని 7,500కి పంపితే, వాల్వులు క్యామ్ మాట వినడం మానేస్తాయి.

అయితే కొలత అన్నీ చెప్పదు. ఉస్తాద్ దగ్గర నేర్చుకున్న అసలు సంగతి ఇది. బతికిన మూడు రాడ్లు నిటారుగానే ఉన్నాయి, బిగ్ ఎండ్ గుండ్రంగానే ఉంది, మ్యాగ్నెటిక్ టెస్టులో పగులు కనిపించలేదు. వాడుకుందామన్నాను. ఆయన వినలేదు. ఆ టెస్టు పగులుని చూపిస్తుంది గానీ, పగులుకి ముందు లోహం ఎంత అలిసిందో చూపించదు. ఆ మూడూ నాలుగోదాని పక్కనే, అదే దెబ్బలు తిన్నాయి. పైగా రాడ్ పోతే ఒంటరిగా పోదు, బ్లాకుని వెంట తీసుకుపోతుంది. ఆయిల్ కూలర్ సంగతీ అంతే. బేరింగ్ పొడి ఒకసారి దాని సన్నటి దారుల్లోకి వెళ్తే ఎంత కడిగినా లోపల ఏం మిగిలిందో ఎవరూ గవాహీ ఇవ్వలేరు. 'కూలర్ ఖరీదెక్కువ, కడిగి పెట్టండి' అన్నాను నేను. ఆయన దాన్ని స్క్రాప్ డబ్బాలో పడేసి చాయ్ తెప్పించాడు.

మరి రేసర్లు? వాళ్లు అన్నీ కొత్తవే వేస్తారన్నది అఫ్వా. ఈ మధ్య ఫార్ములా వన్‌లో ఒక డ్రైవర్‌కి పెనాల్టీ లేకుండా సీజన్ మొత్తానికి దొరికేవి మూడు నాలుగు ఇంజన్లే. ఏ భాగం ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో లెక్క రాసుకుని, ఆ లెక్క మీదే ఉంచడమా మార్చడమా అని తేలుస్తారు. మన షెడ్లలో ఆ రెండు రూపాయల నోట్‌బుక్ ఎందుకు ఉండదు? పాత పార్టులన్నీ, వాటి కొలతల చీటీతో సహా, గ్రాహక్‌కి తిరిగిచ్చే రివాజ్ ఎందుకు లేదు? అవి మన అమానత్.

ఇప్పుడు వేరే ఎస్టీమ్ బ్లాకు దొరికింది. సిలిండర్లు కొలిపించాం, బాగున్నాయి, హోనింగ్ సరిపోతుంది. కొత్త పిస్టన్ల మీద రాడ్ దెబ్బ మచ్చలున్నాయి, నాలుగూ పోయినట్టే. హెడ్ పాతదే, 0.03 వంపు. రాడ్లు, బోల్టులు, స్ప్రింగులు, బేరింగులు, ఆయిల్ పంపు కొత్తవి. క్రాంక్ ఒక్కటే తేలలేదు. 'కొత్తది' అని వేసిన ఆ క్రాంక్ రెండు జర్నల్స్ గీరుకుపోయాయి, ఒకటి వంగింది. నా పాత క్రాంక్ ఉంటే కొలిచి చూసేవాళ్లం. ఆ షెడ్డుకి నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఏ కబాడీకి వేశారో ఆ పేరైనా చెప్పమని. మొన్న జుమ్మా రోజు ఐదోసారి. సెల్ స్విచాఫ్.