బయానా రసీదు

ఫిషింగ్ హార్బర్ దగ్గర మా ఖాలా ఇంటికి నెలకో దలాల్ వస్తున్నాడు. అమ్ముతానని ఆమె ఎవరికీ చెప్పలేదు. ‘ఈ బయానా ఉంచండమ్మా, ధర రాసిన రసీదు మీద సంతకం చాలు’ అంటాడు.

భాయ్, అది ఉత్త రసీదు కాదు. 1882 ఆస్తి బదిలీ చట్టం ప్రకారం అగ్రిమెంటుతోనే ఇల్లు చేతులు మారదు, సహీ. కానీ 2018లో మారిన స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం పట్టుకుని కొనేవాడు అదాలత్‌కెళ్తే, అమ్మక తప్పకపోవచ్చు. ఒత్తిడి పెట్టి రాయించుకుంటే 1872 కాంట్రాక్టు చట్టం కింద రద్దు కోరొచ్చు. సుబూత్ మాత్రం మనమే తేవాలి.

న్యూయార్క్‌లో కొన్ని పేటల్లో ఇంటివాళ్లు పేరు రాయించుకుంటే దలాల్ గడప తొక్కకూడదు. మనకూ అలాంటి ఖానూన్ కావాలి. కనీసం బయానా వెనక్కిచ్చి తప్పుకోడానికి వారం మోహలత్ అయినా ఇవ్వాలి.

ఖాలా సంతకం పెట్టలేదు. ‘అమ్మను’ అనడం బద్‌తమీజీ కాదు, ఆమె హక్.