విలన్ చేతిలో గొడ్డలి

‘రోబో’ సినిమాలో విలన్ ఎవరని ఏ ఇంట్లో అడిగినా రెండే జవాబులు వస్తాయి. పిల్లలైతే రెడ్ చిప్ పెట్టుకున్న చిట్టి అంటారు. పెద్దవాళ్ళు కాస్త ఆలోచించినట్టు మొహం పెట్టి, “ఆ చిప్ పెట్టిన ప్రొఫెసర్ బోరా కదండీ!” అంటారు. రెండూ నాకు సమ్మతం కాదు. అసలు విలన్‌ని మనం దాదాపు మూడు గంటలసేపు హీరో అనుకుని చప్పట్లు కొట్టాం. ఆయనే డాక్టర్ వశీకరణ్ గారు.

శంకర్ తీసిన ఈ సినిమా 2010లో తమిళంలో ‘ఎందిరన్’గా, తెలుగులో ‘రోబో’గా వచ్చింది. సైంటిస్టూ రజనీకాంతే, మరమనిషీ రజనీకాంతే. ఇద్దరికీ ఒకే మొహమైతే పాపం ఎవరి ఖాతాలో వెయ్యాలో తేల్చుకోవడం కష్టమే అనుకోండి. ఇద్దరిలో ఎక్కువ అందంగా ఉన్నవాణ్ణి వదిలేశాం.

అగ్నిప్రమాదం ఘట్టం గుర్తుందా? మంటల్లోంచి చిట్టి మనుషుల్ని మోసుకొస్తుంటాడు. స్నానం చేస్తున్న ఒక పిల్లని కూడా ఉన్నపళంగా ఎత్తుకొచ్చి కింద దింపుతాడు. అక్కడ జనం, టీవీ కెమెరాలు. ఆ పిల్ల సిగ్గుతో చితికిపోయి, పరుగెత్తుకెళ్ళి లారీ కింద పడి చచ్చిపోతుంది. దాన్నిబట్టి సినిమా తేల్చిందేమిటయ్యా అంటే, యంత్రానికి మనసు లేదు, కనక పరీక్ష తప్పింది అని. బాగుంది. మరి కెమెరాలు పట్టుకున్నవాళ్ళు యంత్రాలు కారే! వాళ్ళకి మనసు పుట్టుకతోనే వచ్చిందిగా! కళ్ళు పక్కకి తిప్పుకోవడానికి ఏ ప్రోగ్రాం కావాలి? ఆ పిల్ల ప్రాణం తీసింది, మోసుకొచ్చిన చేతులు కావు, చూసిన కళ్ళు. కానీ వాళ్ళని ఎవరూ ఒక్క మాట అనలేదు. పైగా ఒళ్ళు నలుగురి కళ్ళా పడ్డాక ఆడపిల్ల చావడం సహజమే అన్నట్టు కథ చకచకా ముందుకి నడిచిపోయింది. ఇప్పుడు ఆ కెమెరా ప్రతివాడి జేబులోనూ ఉంది కనక ఈ ఘట్టం నాకు ఇదివరకటికంటే ఎక్కువ గుచ్చుకుంటోంది.

సరే, మనసు లేదన్నారు కదా అని వశీకరణ్ గారు మనసు పెట్టారు. ఎందుకూ? ప్రేమించడానికా? కాదు, పాసవడానికి. సైన్యానికి అప్పగించవలసిన సరుకు అది. మనసొచ్చిన చిట్టి సనని ప్రేమించాడు. అంతవరకూ “నా సృష్టి, నా సృష్టి” అని మురిసిన పెద్దమనిషికి తన ప్రియురాలి దగ్గరికొచ్చేసరికి గుండెలో మంట మొదలైంది. సైన్యం వాళ్ళ ముందు చిట్టి యుద్ధం మానేసి ప్రేమ కబుర్లు చెప్పాడు. అంతే! గొడ్డలి తీసుకుని ముక్కలు ముక్కలుగా నరికి చెత్తకుప్పలో పారేయించాడు. రెడ్ చిప్ అప్పటికింకా రానే లేదు, గమనించండి. నొప్పి తెలిసేలా చేసినవాడే, నొప్పి తెలుస్తుందని ఎరిగుండీ నరికాడు. దీన్ని హీరోయిజం అంటే నేనొప్పుకోను.

మేరీ షెల్లీ పద్దెనిమిదేళ్ళ వయసులో రాయడం మొదలుపెట్టిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ 1818లో అచ్చయింది. అందులోనూ ప్రాణం పోసిన మహానుభావుడు, అది కళ్ళు తెరవగానే జడుసుకుని పారిపోతాడు. దానికి ఒక పేరైనా పెట్టలేదు. కని వదిలేసిన తండ్రి కథ అది. లోకం మాత్రం తండ్రి పేరు తీసుకెళ్ళి ఆ రాక్షసుడికి తగిలించింది. మన భస్మాసురుడి కథలో కనీసం వరమిచ్చిన శివుడే తన నెత్తి కాపాడుకుంటూ పరుగెత్తాడు. అక్కడ లెక్క సరిపోయింది.

“అయితే అంతమందిని చంపిన చిట్టి మంచివాడా? ఆడపిల్లని ఎత్తుకుపోలేదా?” అంటారేమో. ఎత్తుకుపోయాడు, చంపాడు. నేను వెనకేసుకు రావడంలేదు. ‘నాకు నువ్వు స్నేహితుడివే’ అన్న పిల్ల మాట ఏ మగవాడూ వినకపోతే మరబొమ్మ ఎక్కడ నేర్చుకుంటుంది? ఆ మాటకొస్తే, వాళ్ళిద్దరూ ఆ అమ్మాయి కోసం కొట్టుకున్నారే తప్ప, నీకేం కావాలమ్మా అని కూచోబెట్టి అడిగినట్టు నాకైతే కనిపించలేదు. నాకు చిరాకల్లా ఆ ఎర్ర ముక్క మీదే. దుర్మార్గమంతా అందులో ఉందట. అది పీకేస్తే అందరూ శుద్ధం! మొగుడు కొడితే ‘తాగుడు కొట్టించిందమ్మా, మనిషి బంగారం’ అనే మాటకీ దీనికీ తేడా ఏమిటో చెప్పండి.

చివరికి కోర్టు. చిప్ పెట్టింది బోరాయేనని చిట్టి దాచుకున్న దృశ్యాలే సాక్ష్యం చెప్పాయి. వశీకరణ్ నిర్దోషి. చిట్టిని విప్పేయమని తీర్పు. గొడ్డలి సంగతి జడ్జీగారు అడగలేదు, వకీలూ అడగలేదు. చిట్టి తన భాగాలు తానే ఒక్కొక్కటీ ఊడదీసుకున్నాడు. తర్వాత 2030లో, మ్యూజియంలో, నిన్నెందుకు విప్పేశారని ఒక బడిపిల్ల అడిగితే, ఆలోచించడం మొదలుపెట్టానని చెబుతుంది ఆ తల. సృష్టించినాయన ఆ మ్యూజియం దరిదాపుల్లో ఎక్కడా కనిపించడు.