చుక్కల ఫొటోలు కలిపితే మోసమా?



గూడూరు పక్క తాండాలో మనోళ్లు తీసిన పాలపుంత ఫొటోను ఒక పోటీకి పంపితే, "ఇది ఎడిటింగ్, ఒకే ఫొటో కాదు" అని పక్కన పెట్టేసినారు. మన గ్రూపులో కూడా కొందరు అదే మాట అన్నారు. ఒకే ఫొటో కాదన్నది నిజమే. అవి 64 ఫొటోలు. అంతమాత్రాన అది మోసం కాదని మేం గట్టిగా అంటున్నాం.

భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. ఫోన్‌ను స్టాండు మీద పెట్టి నిమిషం సేపు ఒకే ఫొటో తీస్తే చుక్క కాస్తా గీత అవుతుంది. 10 సెకన్లకే ఆపేస్తే చుక్క చుక్కలాగే నిలుస్తుంది గానీ, ఫొటో అంతా ఇసుక చల్లినట్టు గరుకుగా వస్తుంది. ఆ గరుకునే నాయిస్ అంటారు. అది ఒక్కో ఫొటోలో ఒక్కో తీరుగా పడుతుంది. చుక్కలు అట్ల కాదు, ఏ ఫొటోలో చూసినా వాటి మధ్య దూరం మారదు. అందుకే 10 సెకన్ల ఫొటోలు వరుసగా తీసి, చుక్క మీద చుక్క కూర్చునేట్టు జరిపి, సగటు తీస్తారు. చుక్క నిలబడుతుంది, గరుకు తగ్గుతుంది. 16 ఫొటోలు కలిపితే నాయిస్ నాలుగో వంతుకు, 64 కలిపితే ఎనిమిదో వంతుకు దిగుతుంది. ఇదే స్టాకింగ్. సీక్వేటర్, డీప్‌స్కైస్టాకర్ సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి. ఫోన్లలో నైట్ మోడ్ కూడా లోపల కొన్ని ఫొటోలు తీసి కలుపుతుంది. దాన్ని ఎవరూ మోసం అనరే!

వేరే ఊరి పాలపుంతను తెచ్చి మన సేవాలాల్ గుడి వెనక అతికిస్తే అది మోసం. లేని చుక్కలను ఏఐతో గీయిస్తే అది మోసం. స్టాకింగ్‌లో బయటి నుంచి తెచ్చి పెట్టేది ఏమీ లేదు.

ఈ తేడా మనకెందుకంటే, ఇది పోటీలో బహుమతితో పోయే సంగతి కాదు. టాటా పరిశోధన సంస్థకు చెందిన మయాంక్ వాహియా, ఆయన బృందం మహారాష్ట్రలో తిరిగి, బంజారాలు, కొలాములు చుక్కల గురించి ఏం చెప్తారో రాసుకుని 2014లో ఒక పరిశోధన పత్రిక ద్వారా లోకానికి చెప్పారు. మన తాండాల్లో అడగాల్సింది మనమే. తెలుగు ఊళ్లలో కృత్తికలను పిల్లలకోడి అంటారు. గోర్ బోలీలో ఏమంటారు? ఎరుకల ఇళ్లల్లో ఏమంటారు? చెప్పగల ముసలోళ్లకు కండ్లు మసకబారినాయి. ఆకాశంలో చూపించమంటే వాళ్ల వల్ల కాదు. ఫోన్‌లో పెద్దది చేసి చూపిస్తే వేలు పెట్టి చెప్తారు. ఆ ఫొటోలో లేని చుక్క ఒకటి ఉన్నా, ఉన్న చుక్క చెరిగినా, మనం రాసుకునే పేరు తప్పవుతుంది. చుక్క స్పష్టంగా ఉండాలి, నిజంగానూ ఉండాలి.

ఒక జాగ్రత్త. స్టాకింగ్‌లో ఒక్క ఫొటోలోనే కనిపించిన దాన్ని తీసేసే పద్ధతి ఉంది. విమానం గీత పోతుంది, దాంతోపాటు రాలే చుక్క కూడా పోతుంది. అందుకే అసలు ఫొటోలు దాచుకోవాలి. పెద్దోళ్ల మాటల్లోనూ అంతే. పదిమంది చెప్పింది రాసుకుంటూ, ఒక్క అవ్వ మాత్రమే చెప్పిన పేరును కొట్టేయొద్దు.

కాబట్టి మా ప్రతిపాదన ఇది. ఇకమీదట గ్రూపులో ఎవరు చుక్కల ఫొటో పెట్టినా కింద ఊరు, తేదీ, టైం, ఎన్ని సెకన్లు, ఎన్ని ఫొటోలు కలిపినారో రాయాలి. చుక్కలను జరిపినప్పుడు నేల అలుక్కుపోతుంది కాబట్టి, నేలను విడిగా కలిపి ఉంటే అదీ చెప్పాలి. ఇట్ల రాసిపెడితే మన ఫొటోను ఎవరూ తేలిగ్గా పక్కన పెట్టలేరు.

గూడూరుకు తూర్పున కర్నూలు వెలుగు అడ్డం. దక్షిణం వైపు తిరిగి తీయండి. మార్చి, ఏప్రిల్ అమావాస్యలకు తెల్లారకముందే లేవాల్సి ఉంటుంది. మిరప కోతలకు గుంటూరు పోయినోళ్లు తిరిగొచ్చినాక, తాండాలో అందరూ ఉన్నప్పుడు ఫోన్ పట్టుకుని ముసలోళ్ల దగ్గర కూర్చుందాం. ముందు మీ ఇంట్లో అవ్వను అడగండి. ఆమె చెప్పిన పేరు కింద రాయండి.