బిల్లుకెక్కని నష్టం

రాత్రి పదింటికి ఊరి చివర బోరుబండి మొదలైతే తెల్లారేదాకా ఎవరికీ కునుకుండదు. చేను గల రైతు ఇంకా తెల్లదుమ్మే లేస్తోందా, తడి తగిలిందా అని చూస్తూ నిలబడతాడు. ఇక్కడ నీళ్లు పడితే తన బోరు ఎన్నాళ్లు పోస్తుందోనని పక్కచేని రైతు మథనపడతాడు. అడుగుకింత చొప్పున డ్రిల్లింగు, కేసింగు పైపు, మోటారు అన్నీ బిల్లులో ఉంటాయి. పక్క బోరు ఎండితే వచ్చే నష్టం మాత్రం ఏ బిల్లుకూ ఎక్కదు. మార్కెట్ వైఫల్యమంటే ఇదే.

అనంతపురం, మహబూబ్‌నగర్ వంటి మెట్ట ప్రాంతాల్లో నీరుండేది రాతి పగుళ్లలో. చేను ఎవరిదైతే కింది నీరు తోడుకునే హక్కు వారిదేనంటుంది 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం. గట్లు, సర్వే నంబర్లు నేలపైనే. రాతి పగుళ్లకు అవి పట్టవు. పైగా 2004 నుంచి సాగుకు కరెంటు ఉచితం. అది వచ్చే వేళ తెలియక, కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరిగేలా రైతులు ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. అది దురాశ కాదు. నేను మోటారు కట్టేసినంత మాత్రాన ఆ నీరు నాకు మిగలదు, పక్క బోరుకు పోతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇచ్చేముందు ప్రభుత్వమే ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను బతిమాలాల్సి వచ్చింది.

ఉమ్మడి వనరు నాశనం కాక తప్పదని 1968లో జీవావరణ శాస్త్రవేత్త గారెట్ హార్డిన్ రాశాడు. ఉమ్మడి వేరు, అదుపులేనిది వేరని ఎలినార్ ఆస్ట్రమ్ చూపింది. 2009లో ఆమెకు అర్థశాస్త్ర నోబెల్ దక్కింది. ఆ తేడా మన చెరువుకు ముందే తెలుసు. చెరువూ ఉమ్మడిదే. అయినా తూము ఎప్పుడెత్తాలో, ఏ మడికి ఎంత తడివ్వాలో చూడటానికి నీరుగంటి ఉండేవాడు. బోరుకు నీరుగంటి లేడు.

ఆ లోటు పూడ్చాలని 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం వచ్చింది. కానీ అర్ధరాత్రి దిగే ప్రతి బండినీ ఆపి అనుమతి కాగితం చూసే అధికారి ఎక్కడ? కరెంటుకు ధర పెడితే సరిపోతుందనేవారూ ఉన్నారు. అప్పుడు ముందు ఆగేది అప్పు చేసి బోరేసిన చిన్నరైతు మోటారే. లోతుకు పోగల స్తోమతున్నవాడు తోడుతూనే ఉంటాడు.

మూడో దారిని మనవాళ్లే వేసి చూపారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరువు జిల్లాల్లో, వందలాది పల్లెల్లో రైతులే వాన కొలిచారు, పరిశీలక బావుల్లో తాడు దించి నీటిమట్టం రాసుకున్నారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని నీటి బడ్జెట్ వేసుకుంది. ఎవరూ ఆంక్ష పెట్టకుండానే వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లినవాళ్లున్నారు. అయితే లెక్క తెలిసినంతనే సరిపోదు. పొదుపు చేసినవాడి వాటాను మరొకరు తోడేయరన్న భరోసా కావాలి. అనంతపురం జిల్లాలో కొన్నిచోట్ల కొత్త బోర్లు వేయబోమని ఒప్పుకుని, ఉన్న బోర్లను పైపులతో కలిపి నీరు పంచుకున్నది అందుకే.

ప్రభుత్వం చేయాల్సింది ఆ ఒప్పందాలకు బలమివ్వడం. డ్రిప్ రాయితీలో వాటికి పెద్దపీట వేయాలి. కొత్త బోరు అనుమతిని గ్రామసభ నీటి లెక్కకు ముడిపెట్టాలి. చెరువు నిండితే అలుగు పారి ఊరికి చెప్పేది. భూగర్భ జలానికి అలుగు లేదు. పంచాయతీ గోడమీద సుద్దముక్కతో రాసే నీటిమట్టమే దానికి అలుగు కావాలి.