మాట వెనుక కథ: జరాసంధుడు

ఈ మాసం మేము పరిశీలిస్తున్న నామం జరాసంధుడు. సంస్కృతంలో ‘జరా’ అంటే ముసలితనం. ఇక్కడ మాత్రం అది ఒక రాక్షసి పేరు.

మగధరాజు బృహద్రథుని ఇద్దరు భార్యలు ఒకే మామిడిపండును చెరిసగం భుజించి, చెరొక సగం బిడ్డను కన్నారు. పారవేసిన ఆ ఖండాలను జర కలుపగా శిశువు సజీవుడయ్యాడు. జరచే సంధింపబడినవాడు కనుక జరాసంధుడు. భీముడు అతనిని ఆ అతుకు వెంబడే చీల్చాడని జనశ్రుతి.

‘సంధి’ అంటే కూడిక. వ్యాకరణంలో అది వర్ణాల కలయిక, రాజనీతిలో శత్రువుల ఒడంబడిక, దేహంలో ఎముకల కీలు. మా వృత్తిలో వెల్డింగు అతుకు. బాయిలరు గొట్టం ఎంత దృఢమైనదైనా మేము ఎక్స్‌రే తీయించేది అతుకునే. అక్కడ వెంట్రుకవాసి పగులును ఉపేక్షిస్తే, పోయేది తోటి కార్మికుని ప్రాణం.