లైసెన్సు చేతిపనికా, కాగితమునకా?

బల్కంపేటలో ఎల్లమ్మతల్లి భూమట్టమునకు సుమారు పదియడుగుల దిగువను బావిలో వెలసియున్నది. అచటి జలమును భక్తులు తీర్థముగ స్వీకరింతురు. నీటి నింతగ పూజించు పేటలో సైతము, ఆ నీటిని ఇంటింటికి చేర్చు గొట్టముల నతికెడు ప్లంబరును తలచువారు అరుదు. నల్లా కారిననాడే వాడు జ్ఞప్తికి వచ్చును.

ప్లంబరుకు లైసెన్సు వలయునా యను ప్రశ్నకు వలయుననియే మా సమాధానము. వడ్రంగి చేసిన తలుపు వంకరయైనచో నష్టము ఆ యింటివానిది. ప్లంబరు వేసిన అతుకు చెడినచో ప్రమాదము వీధియంతటికిని. మన నగరమున నల్లానీరు రేయింబవళ్లు పారునది కాదు; నియమితవేళల వచ్చి నిలిచిపోవును. నిలిచినపుడు గొట్టములో ఒత్తిడి తగ్గి, చుట్టునున్న మురుగు పగుళ్లగుండ లోనికి చేరును. గొట్టమునకు నేరుగ మోటారు బిగించినచో ఈ కీడు ఇనుమడించును. 2009 మే నెలలో భోలక్‌పూరున కలుషితజలము త్రాగి పలువురు ప్రాణములు గోల్పోయిరి. ఆ నేరమును మేము ఏ ప్లంబరుపైనను మోపుట లేదు. మంచినీటికిని మురుగునకును నడుమనున్న అడ్డు ఎంత పలుచనిదో చెప్పుటకే దానిని స్మరించితిమి.

1908 నాటి మూసీ వరద పిమ్మట ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు లేచినవి. తరువాత మంజీర వచ్చినది. నూరు కిలోమీటర్లకు మించిన దూరమునుండి కృష్ణా గోదావరులును వచ్చినవి. ఇంత ధనము వెచ్చించి తెచ్చిన నీరు ఇంటిముంగిట చివరి నాలుగు గజములలో చెడిపోయినచో ఆ శ్రమయంతయు బూడిదలో పోసిన పన్నీరే కదా!

కావున 1989లో ఏర్పడిన జలమండలి ప్లంబర్లకు లైసెన్సు నిచ్చుట న్యాయమే. కాని దేనిని చూచి ఇయ్యవలెను? అమీరుపేటలో మేడమేడకొక శిక్షణాలయము గలదు. యోగ్యతాపత్రములకు కొదువ లేదు. కూతవేటు దూరమున మేస్త్రిచెంత ఇరువదియేండ్లు పనిచేసి ఆరితేరినవానిని, బడిచదువు కాగితము లేదని త్రోసివేయుట అన్యాయము. అట్లు త్రోసినను వాడు పని మానడు. లైసెన్సు గలవాని పేర చాటున పనిచేయును. అపుడు పేరొకరిది, పని యొకరిది. తప్పు జరిగిన నాడు బాధ్యుడు ఎవ్వడును ఉండడు.

పరీక్ష చేతితో జరుగవలెను. అభ్యర్థి గొట్టము కోసి, అతికి, ఒత్తిడిపెట్టి కారకుండ నిలిపి చూపవలెను. ప్రశ్నలు తెలుగునను ఉర్దూనను నోటిమాటగ నడుగవలెను. ముందే నేర్చిన పనికి గుర్తింపు నిచ్చు మార్గము 2015లో ఆరంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో నున్నది. దానిని ఈ పనివారి ముంగిటికి తేవలెను. రుసుము ఒకనాటి కూలికి మించరాదు. లైసెన్సుదారుల పట్టికను ప్రతి జలమండలి కార్యాలయపు గోడమీదను అంటింపవలెను. గొట్టముపై మన్ను కప్పకమునుపే అధికారి వచ్చి అతుకును చూడవలెను.

గృహస్థులకును ఒక మాట. పది రూపాయలు తగ్గునని అనుమతిలేని కనెక్షను వేయించుకొనువాడు పొరుగువాని బిడ్డ త్రాగు నీటిని పణమొడ్డుచున్నాడు. పరిశుభ్రజలము లేని స్వరాజ్యము అసంపూర్ణము. నైపుణ్యమును గౌరవించి, నిర్లక్ష్యమును దండించు లైసెన్సునే ప్రజలు కోరుచున్నారు. అధికారులు ఈ భేదమును గుర్తింతురు గాక.