5,500 ఎకరాల ఎయిర్‌పోర్టు: లెక్క అడగాల్సింది ఇప్పుడే



హైదరాబాద్ ఎయిర్‌పోర్టు గురించి రాసేవాళ్లు టెర్మినల్ అద్దాల నుంచి మొదలుపెడతారు. మనం లక్డీకాపూల్ నుంచి మొదలుపెడదాం. ఎందుకంటే రంగారెడ్డి జిల్లా కలెక్టరేట్ చాలా ఏళ్లు ఇక్కడే ఉంది. 2022లో కొంగరకలాన్‌కు తరలిపోయేదాకా శంషాబాద్ రైతుకు భూమి పంచాయితీ ఏదొచ్చినా ఊరు దాటి, నగరం దాటి ఈ ఆఫీసుకే రావాలి. విమానం ఎగిరింది శంషాబాద్‌లోనే, కానీ దాని కింది భూమి కాగితాలు నడిచిన దారి ఇది.

అంతకుముందు విమానాలు ఇక్కడికి దగ్గర్లోనే దిగేవి. బేగంపేట ఎయిర్‌పోర్టు నిజాం కాలంలో, 1930ల్లో వచ్చింది. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. 1953లో అది జాతీయమై ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఇంకో మాట. ఆ ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న భవనంలో 1897లో రోనాల్డ్ రాస్ మలేరియాను మోసేది దోమే అని తేల్చాడు. ఆ తర్వాత ఆకాశంలో విమానాలు వచ్చినయ్, నగరం నాలుగు దిక్కులా పెరిగింది. మన ఏజెన్సీ గూడేల్లో వానాకాలం జ్వరాలు మాత్రం పోలేదు.

మూతపడే నాటికి బేగంపేట ఏడాదికి 70 లక్షల మంది దాకా ప్రయాణికులను మోసింది. చుట్టూ ఇళ్లు, పెరగడానికి చోటు లేదు. కొత్తది కావాలన్న మాట అబద్ధం కాదు. చంద్రబాబు ప్రభుత్వంలో మొదలైన ఆలోచనకు వైఎస్ కాలంలో, 2004 డిసెంబరులో ఒప్పందం కుదిరింది. 2005 మార్చిలో శంకుస్థాపన, 2008 మార్చి 14న సోనియా గాంధీ ప్రారంభోత్సవం. బేగంపేట మూసేయొద్దని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగులు సమ్మె చేశారు, అయినా మార్చి 23 నుంచి విమానాలన్నీ శంషాబాద్‌కే. ఇప్పుడు బేగంపేటలో వీఐపీలు దిగుతారు, రెండేళ్లకోసారి విమానాల ప్రదర్శన జరుగుతుంది.

ఇగ అసలు సంగతికి వద్దాం. శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు ఇచ్చిన భూమి దాదాపు 5,500 ఎకరాలు. మామిడిపల్లి, గొల్లపల్లి లాంటి ఊళ్ల భూములు అవి. ముంబై పాత ఎయిర్‌పోర్టు 1,900 ఎకరాల లోపే ఉంది, అయినా ఏటా 5 కోట్ల మందికి పైగా అక్కడ ఎక్కి దిగుతున్నారు. చోటు చాలక వాళ్లు నవీ ముంబైలో ఇంకోటి కట్టుకున్నారు, అదీ నిజమే. రేపటి అవసరానికి భూమి ముందే పెట్టుకోవడం తప్పు కాదు. కానీ శంషాబాద్‌లో 1,500 ఎకరాలు ‘ఏరోసిటీ’ పేరుతో వ్యాపారానికి పెట్టారు. ఆఫీసులు, హోటళ్లు, గోదాములు. అమెజాన్ గోదాము దిగడానికి రన్‌వే అక్కర్లేదు కదా? రైతు దగ్గర భూమి తీసుకున్నది ‘ప్రజా ప్రయోజనం’ పేరుతో. అప్పుడు ఉన్నది 1894 నాటి బ్రిటిష్ చట్టం. రైతు ఒప్పుకున్నాడా అని అడిగే పనే లేదు దాంట్లో.

ఒప్పందం ఎలా ఉందో చూడండి. మొదట జీఎంఆర్‌కు 63 శాతం, మలేషియా కంపెనీకి 11 శాతం, కేంద్ర సంస్థకు 13, రాష్ట్రానికి 13. మలేషియా వాటాను తర్వాత జీఎంఆరే కొనేసింది. రాష్ట్రం భూమి లీజుకిచ్చింది, 107 కోట్ల గ్రాంటు ఇచ్చింది, 315 కోట్లు వడ్డీ లేని అప్పు ఇచ్చింది. ప్రభుత్వానికి దక్కేది ఆదాయంలో 4 శాతం ఫీజు, అదీ మొదటి పదేళ్లది వాయిదా. 30 ఏళ్ల గడువును ఇంకో 30 ఏళ్లు పొడిగించారు, అంటే 2068 దాకా. మన ఊళ్ల గిరిజనేతర పోడు రైతు పట్టా అడిగితే మూడు తరాల సాక్ష్యం తెమ్మంటారు. ఇక్కడ మూడు తరాలకు సరిపడా ముందే రాసిచ్చారు.

సౌకర్యాలు బాగున్నాయి, కాదనం. 4,260 మీటర్ల రన్‌వే మీద ఎంత పెద్ద విమానమైనా దిగుతుంది. కోటి 20 లక్షల మందికని కట్టిన టెర్మినల్‌ను 3 కోట్ల 40 లక్షలకు పెంచారు. 2023-24లోనే 2 కోట్ల 50 లక్షల మంది వచ్చిపోయారు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే వేశారు. మెట్రో మాత్రం ఇంకా కాగితం మీదే తిరుగుతోంది. 2022 డిసెంబరులో రాయదుర్గం నుంచి శంకుస్థాపన చేశారు, ప్రభుత్వం మారాక దారి మార్చారు. లక్డీకాపూల్‌లో మెట్రో దిగినవాడు ఎయిర్‌పోర్టుకు పోవాలంటే ఇప్పటికీ బస్సో క్యాబో చూసుకోవాల్సిందే.

ఇదంతా ఇప్పుడెందుకు అంటారా? ఎయిర్‌పోర్టులు మనవైపు వస్తున్నాయి. శంషాబాద్ ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు పోటీ ఎయిర్‌పోర్టు రావొద్దని 25 ఏళ్ల షరతు ఉంది. జీఎంఆర్ సరే అన్నాకే వరంగల్ మామునూరుకు దారి తెరుచుకుంది. 2025లో ఆదిలాబాద్‌లోని వైమానిక దళ భూమిలో పౌర విమానాలకు రక్షణ శాఖ ఒప్పుకుంది. కొత్తగూడెంలో చూసిన స్థలం పనికిరాదన్నారు, రేపు ఇంకో స్థలం అంటారు. గోండు, కోలాం, కోయ బిడ్డ విమానం ఎక్కొద్దని మనం అనడం లేదు. ఎక్కాలి. భూమి దగ్గరే మన పేచీ.

2013 చట్టం ప్రకారం ప్రభుత్వం, ప్రైవేటు కలిసి చేసే ప్రాజెక్టుకు భూమి పోయే కుటుంబాల్లో 70 శాతం ఒప్పుకోవాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో వేరే దారి లేదని తేలితేనే భూసేకరణ, అదీ గ్రామసభ ముందస్తు ఒప్పుదలతో. 2017లో రాష్ట్రం తెచ్చిన సవరణ కొన్ని ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చింది, దాని మీద కన్నేసి ఉంచండి. సర్వేయర్ మీ ఊరికి టేపు పట్టుకుని వచ్చిన రోజే గ్రామసభ పెట్టండి. రన్‌వేకు ఎన్ని ఎకరాలు, టెర్మినల్‌కు ఎన్ని, హోటళ్లకు, గోదాములకు ఎన్ని అని విడివిడిగా, తెలుగులో, రాతపూర్వకంగా అడగండి. ఒప్పందం నకలు గ్రామసభ ముందు పెట్టేదాకా తీర్మానం మీద సంతకం పెట్టకండి.